క్లబ్బు తరఫున మొదటి స్ప్రింట్ ట్రయథ్లాన్: ముందుగా ఈత సంగతి తేల్చుకోండి

మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. హైదరాబాద్ పడమటి వైపున ఉన్న మీ పరుగుల క్లబ్బు నుంచి 11 మంది, 27 ఏళ్ళవారి నుంచి 52 ఏళ్ళవారి దాకా, డిసెంబరులో నగరంలోనే జరగబోయే స్ప్రింట్ ట్రయథ్లాన్‌కు పేర్లు ఇచ్చారు. అంటే ఒకదాని వెంట ఒకటిగా మూడు భాగాలు: 50 మీటర్ల స్విమ్మింగ్ పూల్‌లో 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. చేతిలో ఉన్నది 8 వారాలు. మీరు అడిగినవి నాలుగు: ఉద్యోగాలు చేసుకునేవారు వారానికి ఎన్ని రోజులు సాధన చేయాలి, ఖరీదైన సైకిల్ కొనాలా, సైకిల్ దిగి పరిగెత్తబోతే కాళ్ళు ఎందుకు మొరాయిస్తున్నాయి, ఈత అంతంతమాత్రంగా వచ్చిన ఇద్దరు సభ్యులను పోటీలో దించవచ్చా. నేను 14 ఏళ్ళుగా ఈ పోటీల్లో పాల్గొంటున్నాను, కొన్నేళ్ళుగా వాలంటీరుగా ట్రాన్సిషన్ (ఒక భాగం నుంచి మరో భాగానికి మారే చోటు) దగ్గర నిలబడుతున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: మిగిలిన మూడు ప్రశ్నలకు జవాబు చాలావరకు ఆ నాలుగో ప్రశ్నలోనే ఉంది. అందుకని ఈతతోనే మొదలుపెడతాను.

మీరంతా పరుగు తెలిసినవారు. 5 కిలోమీటర్లు మీకు ఆదివారం పొద్దున టీ తాగే ముందు అయిపోయే పని. సైకిల్ మీద 20 కిలోమీటర్లు కూడా రెండు మూడు వారాల్లో అలవాటవుతుంది. కాబట్టి దూరం పూర్తి చేయగలమా అన్నది మీకు అసలు సమస్య కాదు. నీళ్ళలోంచి ఏ స్థితిలో బయటికి వస్తారన్నదే అసలు సమస్య. ఊపిరి అందక, గుండె దడదడలాడుతూ పూల్ గట్టు ఎక్కిన మనిషి సైకిల్ మీద మొదటి 5 కిలోమీటర్లూ కోలుకోవడానికే ఖర్చు చేస్తాడు. ఆ తొందరలో గేరు ఎక్కువ వేసుకుంటాడు, నీళ్ళు తాగడం మరచిపోతాడు, చివరికి తనకు బాగా వచ్చిన పరుగులోనే నడక మొదలుపెడతాడు. మంచి పరుగుకాళ్ళున్నవారు ఇలా చివరి 2 కిలోమీటర్లు నడుచుకుంటూ రావడం నేను ఎన్నోసార్లు చూశాను. కారణం అడిగితే అందరూ కాళ్ళ పేరు చెబుతారు, నిజానికి అది గంటన్నర ముందు పూల్‌లో మొదలైన ఇబ్బంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలనిపిస్తోంది, ఎందుకంటే ఇది మీలాంటివారి కథే. ఈ ఆట పుట్టింది పెద్ద క్రీడాకారుల మధ్య కాదు. 1974 సెప్టెంబరు 25న అమెరికాలోని శాన్ డియాగో నగరంలో మిషన్ బే తీరాన, స్థానిక పరుగుల క్లబ్బు సభ్యులు రోజూ చేసే పరుగుకు సైకిలూ ఈతా కలిపి సరదాగా పెట్టుకున్న పోటీకి 46 మంది వచ్చారు. ఆధునిక ట్రయథ్లాన్ అక్కడ మొదలైంది. ఆ రోజు పాల్గొన్న దంపతులు జాన్ కాలిన్స్, జూడీ కాలిన్స్ తరువాత 1978లో హవాయిలో ఐరన్‌మ్యాన్ అనే చాలా పొడవైన ట్రయథ్లాన్‌ను ఆరంభించారు. 2000లో సిడ్నీలో ఒలింపిక్స్‌లోకి వచ్చిన దూరాలకు, అంటే 1500 మీటర్లు, 40 కిలోమీటర్లు, 10 కిలోమీటర్లకు, సరిగ్గా సగం మీరు ఇప్పుడు చేయబోయే స్ప్రింట్. పరుగుల క్లబ్బువారు ఈతకు భయపడుతూ ఈ ఆటలోకి రావడం కొత్తేమీ కాదు. మీరు మొదటివారూ కారు, చివరివారూ కారు.

నాకే జరిగిన సంగతి చెబుతాను. అది నా రెండో పోటీ. సాధనలో 50 మీటర్లు నేను హాయిగా ఈదే వేగం 1 నిమిషం 10 సెకన్లు. ఈల మోగగానే పక్కవారి చేతులు, కాళ్ళు, ఎగిసే నీళ్ళు చూసి నాకు తెలియకుండానే మొదటి 50 మీటర్లు 48 సెకన్లలో ఈదేశాను. రెండో ల్యాప్‌లో (పూల్ ఒక చివర నుంచి మరో చివరకు ఈదితే ఒక ల్యాప్) ఛాతీ బిగుసుకున్నట్టు అనిపించింది. మూడో ల్యాప్ మధ్యలో ఊపిరి పీల్చుకున్న కొద్దీ చాలనట్టే ఉంది, నీళ్ళు మింగాను, లేన్ తాడు పట్టుకుని ఆగిపోయాను. గట్టు మీద ఉన్న లైఫ్‌గార్డ్ వంగి, "సార్, పీల్చకండి, ముందు వదలండి" అన్నాడు. ఆ కుర్రాడు చెప్పిన మాటే ఈత భాగానికి సంబంధించి నేను ఇప్పటికీ అందరికీ చెప్పే మొదటి మాట. మనకు ఊపిరి ఆడనట్టు అనిపించేది చాలాసార్లు లోపల గాలి లేక కాదు. వదలాల్సిన గాలి వదలకపోవడం వల్ల, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరగడం వల్ల ఆ ఉక్కిరిబిక్కిరి పుడుతుంది. ముఖం నీళ్ళలో ఉన్నంతసేపూ ముక్కుతో, నోటితో బుడగలు వదులుతూనే ఉండాలి. తల పక్కకు తిప్పినప్పుడు పీల్చడం ఒక్కటే పని కావాలి. తల తిప్పాక వదలడం, పీల్చడం రెండూ చేయబోయేవారు 100 మీటర్లకే అలసిపోతారు.

భయపెట్టడానికి కాదు గానీ, ఒక లెక్క మీ క్లబ్బులో అందరికీ తెలియాలి. అమెరికాలో 1985 నుంచి 2016 వరకు ట్రయథ్లాన్‌లలో జరిగిన మరణాలు, గుండె ఆగిన ఘటనలు కలిపి 135 లెక్కకు రాగా, వాటిలో 90 ఈత భాగంలోనే జరిగాయని 2017లో వచ్చిన అధ్యయనం తేల్చింది. బాధితుల్లో 85 శాతం పురుషులు, సగటు వయసు 47 దగ్గర. పాల్గొన్నవారి సంఖ్యతో పోల్చి చూస్తే ఇది లక్షకు రెండు కన్నా తక్కువే, కానీ ప్రమాదం ఎక్కడ దాగి ఉందో స్పష్టంగా చూపిస్తోంది. మీలో 40 దాటినవారు, ఇంట్లో చిన్న వయసులో గుండెజబ్బు వచ్చిన చరిత్ర ఉన్నవారు, బీపీ, షుగరు ఉన్నవారు ఈ వారమే వైద్యుణ్ణి కలిసి, ఏ పోటీకి వెళుతున్నారో చెప్పి, ఈసీజీ తీయించుకోండి. ట్రెడ్‌మిల్ పరీక్ష అవసరమా అన్నది ఆయన చెబుతారు. పరిగెత్తేటప్పుడు ఛాతీలో బరువు, కళ్ళు తిరగడం ఎప్పుడైనా వచ్చి ఉంటే దాన్ని గ్యాస్ అని కొట్టిపారేయకండి. ఇంకొకటి: అక్టోబరు, నవంబరు మన దగ్గర విషజ్వరాలు, డెంగీ తిరిగే కాలం. పోటీకి ముందు రెండు వారాల్లో గట్టి జ్వరం వచ్చినవారు ఎంత సిద్ధమైనా సరే ఆ రోజు గట్టు మీద నిలబడి చప్పట్లు కొట్టాలి, నీళ్ళలోకి దిగకూడదు.

ఈత సాధన వారానికి మూడు రోజులు ఉండాలి, ఒక్కోటి 40 నిమిషాలు చాలు. వారానికి ఒక్కరోజు రెండు గంటలు ఈదితే ఒంటికి శ్రమే తప్ప నీళ్ళ మీద చనువు రాదు. మొదటి మూడు వారాలూ దూరం గురించి ఆలోచించవద్దు. 50 మీటర్లు ఈదడం, 20 సెకన్లు ఆగడం, మళ్ళీ 50. ఆగే వ్యవధిలో పక్కవారితో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలగాలి, మాట్లాడలేకపోతే వేగం ఎక్కువైందని అర్థం. నాలుగో వారం నుంచి 100, 150, 200 మీటర్లుగా కలుపుకుంటూ వెళ్ళి, ఆరో వారానికి కనీసం ఒక్కసారి 750 మీటర్లు మధ్యలో ఆగకుండా పూర్తి చేయాలి. ఫ్రీస్టైలే ఈదాలన్న నిబంధన లేదు. బ్రెస్ట్‌స్ట్రోక్, బ్యాక్‌స్ట్రోక్, ఏదైనా పనికివస్తుంది. ప్రపంచ ట్రయథ్లాన్ సమాఖ్య నియమాల ప్రకారం అలసిపోతే నీళ్ళలో నిలబడవచ్చు, కదలని వస్తువును పట్టుకుని ఆగవచ్చు, దాన్ని పట్టుకుని ముందుకు లాక్కోవడం మాత్రం కుదరదు. సాయం కావాలంటే చెయ్యి పైకెత్తాలి. ఈ సంగతి తెలిసి ఉండటమే సగం ధైర్యం.

పోటీ రోజు మిమ్మల్ని తికమక పెట్టేది ల్యాప్‌ల లెక్క. 50 మీటర్ల పూల్‌లో 750 మీటర్లంటే 15 ల్యాప్‌లు, అంటే బేసి సంఖ్య. దిగిన చివర నుంచి కాక ఎదుటి చివర నుంచి బయటికి రావాలి. 25 మీటర్ల పూల్‌లో సాధన చేసేవారికి 30 ల్యాప్‌లు, దిగిన చోటే ముగుస్తుంది. అలవాటుగా దిగిన చోటికి వచ్చేశాక లెక్క తప్పిందని తెలుసుకుని మళ్ళీ వెనక్కి ఈదినవారిని నేను చూశాను. 15ను మూడేసి చొప్పున ఐదు భాగాలు చేసుకుని లెక్కపెట్టడం తేలిక: ఒకటి రెండు మూడు, మళ్ళీ ఒకటి రెండు మూడు. కొన్ని పోటీల్లో ఒక లేన్‌లో వెళ్ళి, తాడు కిందుగా మునిగి పక్క లేన్‌లో తిరిగి వస్తూ పాములా ఈదిస్తారు. మీ నిర్వాహకులు ఏ పద్ధతి పెడుతున్నారో ముందే అడిగి, తాడు కింద నుంచి దూరడం కూడా నాలుగైదుసార్లు సాధన చేయండి. గచ్చిబౌలి క్రీడా ప్రాంగణంలో ఉన్నటువంటి 50 మీటర్ల పూల్‌లో పోటీకి ముందు కనీసం రెండుసార్లు ఈది చూడండి. కాలనీ పూల్‌లో ప్రతి 15 మీటర్లకూ గోడ తగిలే ఈతకూ, కాలికి నేల అందని నీళ్ళలో 50 మీటర్లు సాగే ఈతకూ చాలా తేడా ఉంటుంది.

ఇప్పుడు ట్రాన్సిషన్ సంగతి, అంటే ఈత నుంచి సైకిల్‌కూ, సైకిల్ నుంచి పరుగుకూ మారే చోటు. దీన్ని మీ ప్రశ్నలో ఎక్కడా ప్రస్తావించలేదు, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. గడియారం ఇక్కడ కూడా ఆగదు. లెక్క చూడండి. 100 మీటర్లకు 2 నిమిషాల 30 సెకన్ల చొప్పున ఈదితే 18 నిమిషాల 45 సెకన్లు, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో సైకిల్ 48 నిమిషాలు, కిలోమీటరుకు 6 నిమిషాల చొప్పున పరుగు 30 నిమిషాలు. మొదటిసారి వచ్చినవారికి రెండు ట్రాన్సిషన్లూ కలిపి 6 నిమిషాలు పట్టడం మామూలే. మొత్తం 1 గంట 42 నిమిషాల 45 సెకన్లు. ఈతలో 3 నిమిషాలు తగ్గించుకోవాలంటే నెలల శ్రమ కావాలి. అదే 3 నిమిషాలు ట్రాన్సిషన్‌లో తగ్గించుకోవడానికి మూడు సాయంత్రాలు చాలు, ఒంట్లో ఒక్క చుక్క శక్తి కూడా అదనంగా ఖర్చు కాదు.

నేను నిలబడే చోటు నుంచి కనిపించే దృశ్యం ఒకటి చెబుతాను. నీళ్ళు కారుతూ పరుగెత్తుకొచ్చిన మనిషి కాటన్ టీషర్టు తలమీదుగా వేసుకోబోతాడు. తడి ఒంటి మీద అది జారదు, భుజాల దగ్గర తాడులా చుట్టుకుపోతుంది. చేతులు రెండూ పైన ఇరుక్కుని, ఏమీ కనిపించక, సైకిల్ స్టాండుకు తగులుకుంటాడు. అప్పటికే గుండె గట్టిగా కొట్టుకుంటోంది, ఇప్పుడు కంగారు కూడా తోడవుతుంది. ఈత నుంచి పరుగు దాకా ఒకే బట్టలు ఉండాలనేది ఇందుకే. ట్రైసూట్ (మూడు భాగాలకూ పనికొచ్చేలా కుట్టిన బిగుతు దుస్తులు) ఉంటే మంచిది, లేకపోతే ఒంటికి పట్టి ఉండే, త్వరగా ఆరే నైలాన్ చొక్కా, పలుచని ప్యాడ్ ఉన్న షార్ట్స్. సైక్లింగ్ షార్ట్స్‌లో ఉండే మందపాటి ప్యాడ్ పూల్ నీళ్ళను స్పాంజిలా పీల్చి 20 కిలోమీటర్లూ బరువుగా అలాగే ఉంటుంది. మీ క్లబ్బులోని మహిళలు పొడవు చేతుల, మోకాళ్ళ దాకా ఉండే ఈత దుస్తులతోనే మూడు భాగాలూ పూర్తి చేయవచ్చు. నిర్వాహకులను ఒకసారి అడిగి నిర్ధారించుకుంటే చాలు.

సైకిల్ పక్కన ఒక చిన్న తువ్వాలు పరిచి, దాని మీద బూట్లు నోళ్ళు తెరిచి, లోపల కాస్త పౌడరు చల్లి పెట్టండి. లేసుల బదులు సాగే లేసులు వేసుకుంటే ముడి వేసే పని ఉండదు. హెల్మెట్‌ను హ్యాండిల్ మీద బోర్లా కాక వెల్లకిలా, పట్టీలు బయటికి వేలాడేలా, కళ్ళజోడు అందులోనే ఉంచి పెట్టండి. నంబరు బెల్టు (పోటీ నంబరు తగిలించుకునే నడుము పట్టీ) తువ్వాలు మీద ఉండాలి. సైకిల్ మీద నంబరు వెనక్కి, పరుగులో ముందుకు రావాలి. అన్నిటికన్నా ముఖ్యం, సైకిల్‌ను స్టాండు నుంచి తీసే ముందే హెల్మెట్ పెట్టుకుని క్లిప్పు బిగించాలి, తిరిగి వచ్చి సైకిల్ స్టాండులో పెట్టాకే క్లిప్పు ఊడదీయాలి. ఎక్కే గీత దాటాకే సైకిల్ ఎక్కాలి, దిగే గీతకు ముందే దిగాలి. కొత్తవారికి పడే శిక్షల్లో ఎక్కువ భాగం ఈ మూడు చోట్లే. పార్కింగ్ స్థలంలో ఒక బల్లకు సైకిళ్ళు ఆనించి, సుద్దముక్కతో రెండు గీతలు గీసి, ఒంటి మీద బకెట్ నీళ్ళు పోసుకుని మొత్తం 11 మందీ పదేసిసార్లు చేయండి. క్లబ్బుకు ఉన్న లాభం ఇదే, ఒంటరిగా సాధన చేసేవారికి ఇది సాధ్యం కాదు.

సైకిల్ కొనవద్దు. మీ దగ్గర హైబ్రిడ్ (రోజువారీ వాడకానికి పనికొచ్చే మామూలు గేర్ల సైకిల్) ఉంటే దానితోనే రండి. సైకిల్ మీద ప్రధాన శత్రువు గాలి, దాన్ని ఎదిరించే శక్తి వేగానికి ఘనం చొప్పున పెరుగుతుంది. గంటకు 25 కిలోమీటర్ల నుంచి 28కి వెళ్ళాలంటే గాలిని చీల్చడానికే సుమారు 40 శాతం ఎక్కువ శక్తి పెట్టాలి, దానికి దక్కేది 5 నిమిషాల చిల్లర. ఆ 5 నిమిషాల కోసం కాళ్ళను పిండుకున్నవారు పరుగులో అంతకన్నా ఎక్కువ పోగొట్టుకుంటారు. డబ్బు పెట్టాలనుకుంటే మంచి టైర్లకు, ఒక సర్వీసింగుకు, సరిగ్గా తలకు పట్టే హెల్మెట్‌కు పెట్టండి. సీటు ఎత్తు సరిచూడండి: పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. హ్యాండిల్ చివర్లకు మూతలు ఉండాలి, లేకపోతే తనిఖీలో ఆపేస్తారు. పంక్చరు పడితే ట్యూబు మార్చడం ప్రతి ఒక్కరికీ రావాలి. పెడల్‌కు బిగుసుకునే క్లిప్పు బూట్ల జోలికి మొదటి పోటీలో వెళ్ళవద్దు, పరుగు బూట్లతోనే తొక్కితే రెండో ట్రాన్సిషన్‌లో హెల్మెట్ తీసి పరుగెత్తడమే.

మీలాంటి క్లబ్బులు తెలియక చేసే తప్పు ఒకటుంది. ఆదివారాలు ఒకరి వెనక ఒకరు వరుసగా తొక్కడం మీకు అలవాటు. పోటీలో, మామూలుగా వయోవర్గాలవారికి (మీలా వయసు వారీ విభాగాల్లో పాల్గొనేవారికి), అది నిషేధం. ముందున్న సైకిల్ ముందు చక్రం నుంచి వెనక్కి 10 మీటర్ల లోపు ఎవరూ ఉండకూడదు, దాటాలనుకుంటే 20 సెకన్లలో దాటేయాలి. ఒకే రంగు జెర్సీలు వేసుకున్న నలుగురు దగ్గర దగ్గరగా వెళుతుంటే నియమాలు చూసే మార్షల్ కళ్ళు ముందు వాళ్ళ మీదే పడతాయి. స్నేహితుడికి తోడుగా పక్కనే తొక్కడం కూడా ఇందులోకే వస్తుంది. ట్యూబు, పంపు లాంటివి తోటి పోటీదారుకు ఇవ్వవచ్చు. మీ బూట్లు, మీ హెల్మెట్, మీ చక్రం ఇచ్చి మీరు ఆగిపోవడం మాత్రం నియమాలు ఒప్పుకోవు.

సాధనకు ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కనే, సోలార్ పలకల కప్పు కింద 2023 అక్టోబరులో 23 కిలోమీటర్ల పొడవున తెరిచిన సైకిల్ దారి మీకు దగ్గరే. తెరిచినప్పుడు నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ వైపు ఎనిమిదిన్నర కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు వైపు పద్నాలుగున్నర కిలోమీటర్లు ఉండేది. వాహనాల బెడద లేకుండా ఒకే వేగంతో తొక్కడం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు నగరంలో నాకు కనిపించలేదు. అయితే పోటీ మామూలు రోడ్డు మీద జరుగుతుంది కనుక, అసలు దారిలో ఒక తెల్లవారుజామున నెమ్మదిగా తిరిగి, స్పీడ్ బ్రేకర్లు, మలుపుల్లో ఇసుక, యూ టర్నులు ఎక్కడున్నాయో చూసుకోండి.

కాళ్ళు మొరాయించడం గురించి అడిగారు. సైకిల్ మీద 45 నిమిషాలకు పైగా తుంటి పూర్తిగా చాచుకోదు, కాలు ఒకే వలయంలో, ఒకే పరిధిలో తిరుగుతూ ఉంటుంది, తొడ ముందు కండరాలు అలసి ఉంటాయి. దిగగానే ఒంటి బరువంతా కాళ్ళ మీద పడుతుంది, కదలిక తీరు ఒక్కసారిగా మారుతుంది. అందుకే మొదటి 5 నుంచి 10 నిమిషాలు కాళ్ళు మనవి కానట్టు, చెక్కముక్కల్లా అనిపిస్తాయి. ఇది బలహీనత కాదు, అలవాటు లేకపోవడం. సైకిల్ వేగానికి అలవాటుపడిన కళ్ళకు మీరు చాలా నెమ్మదిగా వెళుతున్నట్టు కనిపిస్తుంది, అందుకే చాలామంది తెలియకుండానే తమ మామూలు వేగం కన్నా ఎక్కువతో మొదలుపెట్టి రెండో కిలోమీటరులో కుదేలవుతారు. వాచీని నమ్మండి, అనుభూతిని నమ్మవద్దు. మొదటి కిలోమీటరు అనుకున్న వేగం కన్నా 20 సెకన్లు నెమ్మదిగా వెళ్ళండి. సైకిల్ చివరి కిలోమీటరులో తేలిక గేరులోకి మారి కాళ్ళను చకచకా తిప్పండి. వారానికి ఒకసారి సైకిల్ దిగిన వెంటనే పరిగెత్తే సాధన చేయండి, మొదట 10 కిలోమీటర్ల సైకిల్, ఒకటిన్నర కిలోమీటరు పరుగుతో మొదలుపెట్టి ఆరో వారానికి 18 కిలోమీటర్ల సైకిల్, 3 కిలోమీటర్ల పరుగు దాకా తీసుకురండి. నాలుగోసారికి తేడా మీకే తెలుస్తుంది.

ఇక వారానికి ఎన్ని రోజులన్న ప్రశ్న. ఐదు రోజులు చాలు. ఈత మంగళ, గురు, శనివారాల్లో, విడిగా పరుగు ఒక్కరోజు బుధవారం, ఆదివారం సైకిలూ దాని వెంటే పరుగూ. సోమ, శుక్రవారాలు విశ్రాంతి. పరుగు ఒక్కరోజుకు తగ్గించమంటే మీవారు ఒప్పుకోరని నాకు తెలుసు, కానీ ఈ 8 వారాల్లో మీ పరుగు దెబ్బతినదు, మీ ఈత మాత్రం బాగుపడుతుంది. చివరి వారంలో సాధన సగానికి తగ్గించండి.

తిండి విషయంలో పెద్ద రహస్యాలేమీ లేవు. గంటన్నర, గంటా ముప్పావు పోటీకి దారిలో ప్రత్యేకంగా ఏమీ తినక్కర్లేదు. ముందు రాత్రి అన్నం, పప్పు, పెరుగు. బిర్యానీ విందు పోటీ అయ్యాక పెట్టుకోండి. పొద్దున ఈతకు రెండున్నర గంటల ముందు మూడు నాలుగు ఇడ్లీలు, ఒక అరటిపండు, కారం చట్నీ వద్దు. సైకిల్‌కు ఒక సీసా. ఓఆర్ఎస్ కలుపుకుంటే ప్యాకెట్ మీద రాసినంత నీళ్ళలోనే కలపండి. లీటరు నీళ్ళ ప్యాకెట్‌ను అర లీటరు సీసాలో చిక్కగా కలిపి తాగి కడుపులో తిప్పి సైకిల్ దిగినవారున్నారు. డిసెంబరు కదా అని నీళ్ళు మానవద్దు, పరుగు సమయానికి ఎండ నెత్తిమీదికి వస్తుంది. మరోవైపు ఆ తెల్లవారుజామున తడి ఒంటితో సైకిల్ ఎక్కితే చలి వణికిస్తుంది, మొదటి కిలోమీటరు వేళ్ళు బ్రేకు మీద సరిగా పనిచేయకపోవచ్చు. వేగం ఎత్తే ముందు బ్రేకులు ఒకసారి నొక్కి చూసుకోండి.

మీ ఇద్దరు సభ్యుల దగ్గరికి వస్తున్నాను. వారిని ఇప్పుడే పక్కన పెట్టవద్దు, వారి ఉత్సాహాన్ని చూసి ఇప్పుడే సరే అని కూడా చెప్పవద్దు. పోటీకి 10 రోజుల ముందు, పూల్ రద్దీగా ఉన్న వేళ, లైఫ్‌గార్డ్ ఎదుట ఒక పరీక్ష పెట్టండి. ఏ పద్ధతిలోనైనా సరే 400 మీటర్లు ఆగకుండా ఈదాలి, వెంటనే లోతు వైపున దేన్నీ పట్టుకోకుండా 2 నిమిషాలు తేలుతూ ఉండాలి, గట్టెక్కాక మామూలుగా మాట్లాడగలగాలి. ఇది చేయగలిగినవారు మధ్యలో రెండు మూడుసార్లు తాడు దగ్గర ఆగుతూ 750 మీటర్లు క్షేమంగా పూర్తి చేస్తారు. చేయలేనివారికి, ఒక్కో భాగం ఒక్కొక్కరు చేసే రిలేలో సైకిలో పరుగో ఇవ్వండి, లేదా నిర్వాహకులు పరుగు, సైకిల్, మళ్ళీ పరుగు ఉండే డ్యుయథ్లాన్ పెట్టి ఉంటే అందులోకి మార్పించండి. విభాగం మార్చుకోవడానికి ఆఖరి తేదీ ఎప్పుడో ఈ రోజే కనుక్కోండి, అది పరీక్ష తేదీ కన్నా ముందే ఉంటే పరీక్షను ఇంకా ముందుకు జరపాల్సి ఉంటుంది. ఆ ఇద్దరికే పరీక్ష అంటే వారు చిన్నబుచ్చుకుంటారు, పైగా మిగిలిన తొమ్మిది మందిలో ఎవరికి నీళ్ళంటే లోలోపల భయముందో మీకు తెలియదు. అందుకని 11 మందికీ ఒకే రోజు, ఒకే పరీక్ష పెట్టండి, మీతో సహా.